నల్లగుడ్డు మీద గీత పడితే ఏమవుతుంది? ఎలా నయమవుతుంది?

ప్రశ్న: వరికోత కాడ మా నాయన కంట్ల కంకి కొట్టుకున్నది. నెత్తురు రాలేదు, గీత కూడ కనపడలేదు. కానీ రాత్రంత నిద్రపోలేదు. కాలికి ముల్లు ఇరిగితే తీసేసుకొని పని చేసుకునే మనిషి. ఇంత చిన్న దెబ్బకు అంత నొప్పి ఎందుకు? దవాఖానకు పోవాల్నా, దానంతట అదే తగ్గుతదా? (కొల్లాపూర్ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: నెత్తురు రాలేదన్నావు చూడు, అక్కడి నుంచే మొదలుపెడదాం. ఎందుకు రాలేదో తెలిస్తే మిగతా ప్రశ్నలకు జవాబులు ఒక్కొక్కటిగా దొరుకుతాయి.

అద్దం ముందు నిలబడి నీ కన్ను చూసుకో. తెల్లగుడ్డు మధ్యలో నల్లగుడ్డు ఉంది. నిజానికి నల్లగా కనిపించేది కాస్త లోపల ఉన్న పొర. దాని ముందు, గడియారం ముళ్ల మీద అద్దం ఉన్నట్టు, ఏ రంగూ లేని ఒక బిళ్ల ఉబ్బెత్తుగా కప్పి ఉంటుంది. ఎదురుగా చూస్తే అది కనపడదు. నీ స్నేహితురాలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి పక్కవైపు నుంచి చూడు, తెలుస్తుంది. దీన్నే కార్నియా అంటారు. మీ పుస్తకంలో శుక్లపటలం అని ఉండవచ్చు. వెడల్పు 11, 12 మిల్లీమీటర్లు. మందం మధ్యభాగంలో అర మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. కంట్లోకి వచ్చే వెలుగును వంచి లోపలికి పంపే పనిలో మూడింట రెండు వంతులు చేసేది ఈ పలుచని బిళ్లే.

వెలుగు ఇందులోంచి సాఫీగా పోవాలంటే దారిలో ఏదీ అడ్డం ఉండకూడదు. సన్నని రక్తనాళం ఉన్నా చూపు మసకబారుతుంది. అందుకని కార్నియాలో రక్తనాళాలే లేవు. మరి అది బతికేదెలా? కావలసిన ఆక్సిజన్‌ను గాలి నుంచే తీసుకుంటుంది. గాలిలోని ఆక్సిజన్ కన్నీటి పొరలో కరిగి కార్నియాకు అందుతుంది. ఆహారం ఎక్కువగా దాని వెనుక ఉండే తేట ద్రవం నుంచి వస్తుంది. కాబట్టి కంకి గీసినా, గోరు గీసినా అక్కడ కారడానికి నెత్తురు లేదు. బిళ్ల పారదర్శకం కనుక దాని మీద పడిన గీత కూడా మామూలు చూపుకు ఆనదు. కాలి దెబ్బను నెత్తురును బట్టి అంచనా వేస్తాం. కంటి దెబ్బకు ఆ లెక్క పనికిరాదు.

ఇక నొప్పి సంగతి. రక్తనాళాలు లేని ఆ బిళ్లలో నరాల కొసలు మాత్రం కిక్కిరిసి ఉన్నాయి. మన ఒంట్లో ఇంత దగ్గర దగ్గరగా నరాల కొసలున్న చోటు మరొకటి లేదు. చర్మంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు ఎక్కువ. పైగా అవి లోతున దాక్కొని లేవు, పై పొరలోని కణాల మధ్యకు వచ్చి ఉంటాయి. అరికాలి చర్మం మందం, ముల్లు కొంత దూరం దిగితే గానీ నరానికి తగలదు. కార్నియా పై పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. కంకి కొస దాన్ని కాస్త లేపిందంటే నరాలు బయటపడినట్టే. ఆ తర్వాత రెప్ప వాల్చిన ప్రతిసారీ అది బయటపడిన నరాల మీద నుంచే జారుతుంది. నిమిషానికి పది పదిహేనుసార్లు రెప్ప వేస్తాం. మీ నాయన రాత్రంతా పడిన బాధ ఇదే.

కంట్లో ఏమీ లేకపోయినా నలుసు ఉన్నట్టే అనిపించడం కూడా ఇందువల్లే. ఆ నరాలు మెదడుకు పంపే కబురు ఎక్కువగా ఒక్కటే: ఏదో తగులుతోంది అని. నలుసు తగిలినా, రెప్ప తగిలినా వాటికి ఒకటే. అందుకే మనిషి ఊరుకోలేక కన్ను నలుపుకుంటాడు. నలిపితే గీత అంచులు ఇంకా లేచి గాయం వెడల్పవుతుంది. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లు వెలుతురు కూడా చూడలేరు, దానికి కారణం ఇంకాస్త లోపల ఉంది. పైన గాయమైతే కంటి లోపల, వెలుగు పోయే రంధ్రమైన పాప చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. వెలుగు పడితే పాప చిన్నది కావాలి కదా, బిగుసుకున్న కండరం కదలబోయి నొప్పి పెడుతుంది.

ఈ నొప్పి మన మేలుకే. నొప్పి పుట్టగానే రెప్ప మూసుకుంటుంది, కన్నీళ్లు ధారగా వస్తాయి. కన్నీళ్లు చెత్తను కడగడమే కాదు, వాటిలో సూక్ష్మజీవులను చంపే లైసోజైమ్ అనే పదార్థం ఉంటుంది. పెన్సిలిన్ కన్నా ముందు, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లోకానికి చెప్పింది దీని గురించే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, దానంతట అదే తగ్గుతుందా అని. గీత మాత్రం దానంతట అదే పూడుకుంటుంది. కార్నియా పై పొరలో ఐదారు వరుసల కణాలుంటాయి. గీత పడిన కొన్ని గంటల్లోనే అంచుల దగ్గరి కణాలు చదునుగా సాగి, ఖాళీ అయిన చోటి మీదికి జరగడం మొదలుపెడతాయి. అవి దాన్ని కప్పేశాక, వెనుక నుంచి కొత్త కణాలు పుట్టి వరుసలు నిండుతాయి. ఆ కొత్త కణాలకు మూలం నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు. అక్కడ వలయంగా మూలకణాలు ఉంటాయి. చిన్న గీత ఒకటి రెండు రోజుల్లో, కొంచెం పెద్దదైతే మూడు నాలుగు రోజుల్లో మాయమవుతుంది. కింది పొర దెబ్బ తినకపోతే మచ్చ కూడా మిగలదు. గాయాన్ని పూడ్చే మందంటూ లేదు, ఆ పని కన్ను చేసుకుంటుంది.

మరి వైద్యం ఎందుకు? గీత పూడే ఆ ఒకటి రెండు రోజుల కోసం. పై పొర నిండుగా ఉన్నంత కాలం సూక్ష్మజీవులు లోపలికి పోలేవు, కన్నీరు వాటిని కడిగేస్తూ ఉంటుంది. పొర లేచిన చోట కింద ఉన్న మెత్తని భాగం బయటపడుతుంది. సూక్ష్మజీవి అక్కడ పాతుకుంటే, దానితో పోరాడే తెల్ల రక్తకణాలు రావడానికి దగ్గర్లో రక్తనాళం లేదు. అవి దూరంగా, తెల్లగుడ్డు అంచు నుంచి రావాలి. వెలుగు కోసం వదులుకున్న రక్తనాళాలు ఇప్పుడు అక్కరకు రావు. దానితో పుండు పడుతుంది. పుండు మానినా అక్కడి పోగులు మునుపటిలా వరుసగా అమరవు. తెల్లగా మచ్చ కడుతుంది. కంట్లో పువ్వేసింది అని మన పెద్దలు అనేది చాలావరకు ఇలాంటి మచ్చనే. అది పాపకు ఎదురుగా పడితే ఆ కంటికి చూపు పోయినట్టే, అంచున పడితే చూపుకు అంతగా నష్టం ఉండదు.

పొలంలో తగిలిన దెబ్బకు ఇంకో చిక్కు ఉంది. ఎండుటాకు మీద, గడ్డి మీద, వరి కంకి మీద, మట్టిలో బూజు బీజాలు ఎప్పుడూ ఉంటాయి. కంకి గీసినప్పుడు గీతతో పాటు ఆ బీజాన్ని కూడా లోపల పెట్టి పోవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు పదేళ్లలో తమ దగ్గరికి వచ్చిన 1,352 బూజు పుండ్లను పరిశీలించి 2002లో వివరాలు ప్రచురించారు. అందులో సగానికి పైగా ముందు కంటికి దెబ్బ తగిలినవే. ఎక్కువగా కనిపించినవి ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రెండు రకాల బూజులు. రెండూ పొలాల్లో, గడ్డివాముల్లో ఉండేవే. బాక్టీరియా పుండు ఒకటి రెండు రోజుల్లో ముదిరి మనిషిని పరుగెత్తిస్తుంది. బూజు పుండు అలా కాదు. మెల్లగా, వారం పది రోజులు తీసుకొని పెరుగుతుంది. నొప్పి కొంచెం తగ్గినట్టు కూడా ఉంటుంది. తగ్గుతోందిలే అనుకొని ఇంట్లో కూర్చునే రోజులే అది లోతుకు పోయే రోజులు.

ఇది దూరపు ముచ్చట కాదు. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మంది కళ్లను పరీక్షించారు. కొల్లాపూర్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఆ పరీక్షల్లో కార్నియా చెడి కనీసం ఒక కంటి చూపు పోయినవాళ్లు 86 మంది తేలారు. కారణాల్లో చిన్నతనంలో వచ్చిన కార్నియా జబ్బులు మొదటివి. రెండో స్థానం దెబ్బలది, సుమారు 29 శాతం. ఆ అధ్యయనం చెప్పిన ఇంకో మాట నన్ను బాగా కలవరపెడుతుంది: ఈ కార్నియా అంధత్వంలో దాదాపు 95 శాతం రాకుండా ఆపగలిగినదే. ఆ తర్వాత ఎత్తిపోతలతో కృష్ణ నీళ్లు వచ్చి మన దిక్కు వరి పెరిగింది. వరి పెరిగిన చోట కంకి దెబ్బలు, పొట్టు దెబ్బలు పడే అవకాశమూ పెరుగుతుంది.

ఆపడం ఎలాగో తేల్చిన పని ఒకటి నేపాల్‌లో జరిగింది. భక్తపూర్ జిల్లాలో డాక్టర్ మదన్ ఉపాధ్యాయ్ బృందం 34,902 మంది ఉన్న పల్లెల్లో రెండేళ్లపాటు ఈ పని చేసింది. ఊళ్లలోనే ఉండే కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. కంటికి దెబ్బ తగిలిన వాళ్లు వారి దగ్గరికి రావాలి. గీత పడిందని తేలితే క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటును రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు పెట్టారు. వైద్యం అంతే. అలా 442 మందికి గీతలు పడ్డాయి. దెబ్బ తగిలిన 18 గంటల లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి పడింది. ఒక రోజు దాటి, రెండు రోజుల లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది. ఆలస్యంగా వచ్చినవాళ్లలో కొందరికి దెబ్బే పెద్దదై ఉండొచ్చు, బాధ ముదిరాకే బయలుదేరి ఉండొచ్చు. అలా అనుకున్నా ఈ తేడా చిన్నది కాదు. మందు అదే, కార్యకర్తలు వాళ్లే. మారింది గంటలే.

కాబట్టి పొద్దున కోతలో దెబ్బ తగిలితే ఆ సాయంత్రానికి కన్ను చూపించుకోవాలి. రేపు చూద్దాం అనుకోవడానికి ఇందులో వీలు లేదు.

దవాఖానకు బయలుదేరే ముందు ఇంట్లో చేయవలసింది కొంచెమే. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శుభ్రమైన నీళ్లు, వీలైతే కాచి చల్లార్చినవి, గ్లాసుతో కంట్లో ధారగా పోస్తూ రెప్పలు ఆడించమనాలి. దుమ్ము, ఇసుక రేణువు అయితే చాలాసార్లు ఇంతటితోనే పోతుంది. పోకపోతే పుల్లతోనో, కొంగు కొసతోనో తీయబోకూడదు. వరి పొట్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొట్టు ఒకవైపు గుంటగా ఉంటుంది కదా, ఆ గుంట వైపు నల్లగుడ్డు మీద బోర్లా పడితే గట్టిగా కరుచుకుంటుంది. కన్నీటితో తడిసి దాని రంగు కూడా కంటిలో కలిసిపోతుంది. రోజుల తరబడి కన్ను ఎర్రగా ఉందని మందులు వేసుకొని, చివరికి డాక్టరు యంత్రం కింద చూస్తే పొట్టు కనిపించిన సందర్భాలు తక్కువేం కాదు. కోత మిషను వెనుక నిలబడి ధాన్యం పట్టేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లలో కొన్ని అలవాట్లున్నాయి. కొంగు మడిచి నోటితో ఊది, ఆ వెచ్చదనాన్ని మూసిన రెప్ప మీద అద్దుతారు. రెప్ప మూసి ఉన్నంత వరకు దానివల్ల హాని లేదు, కొంత హాయిగా కూడా ఉంటుంది. కానీ కంట్లో తల్లిపాలు పిండడం, ఆముదం వేయడం, ఆకుపసరు పోయడం, నాలుకతో నలుసు తీయించడం అలాంటివి కావు. ఇవి చేసేవాళ్లు ప్రేమతోనే చేస్తారు, కన్ను బాగుపడాలనే చేస్తారు. వాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. అయితే పై పొర లేచి ఉన్న కంట్లో ఆకుపసరు పోస్తే ఆకు మీది బీజాలు నేరుగా గాయంలోకి పోతాయి. నాలుకతో తీస్తే నోట్లోని సూక్ష్మజీవులు అక్కడికి చేరతాయి. మీ అవ్వ ఆకుపసరు తెస్తే, "అవ్వా, డాక్టరు చూసినంక వేద్దాం, అప్పటిదాక ఆగు" అని చెప్పు. కోపం రాదు.

డాక్టరు ఏం చేస్తారో తెలిస్తే భయం ఉండదు. ముందు ఒక చుక్క మందు వేస్తారు, అర నిమిషంలో నొప్పి పోయి కన్ను తెరుచుకుంటుంది. చూపు ఎంత ఉందో అక్షరాలు చదివిస్తారు. తర్వాత నారింజ రంగు అద్దిన సన్నని కాగితం కొసను తడిపి కింది రెప్ప లోపల తాకిస్తారు. ఆ రంగు పేరు ఫ్లోరెసిన్. కన్నీటిలో కరిగి కన్నంతా పరుచుకుంటుంది. పై పొర బాగున్న చోట జారిపోతుంది, పొర లేచిన చోట మాత్రం ఇంకి నిలుస్తుంది. దాని మీద నీలి వెలుగు వేస్తే ఇంతసేపూ ఎవరికీ కనపడని గీత పచ్చగా మెరుస్తూ, కొలిచి చెప్పగలిగేలా కనిపిస్తుంది. పై రెప్పను తిప్పి దాని లోపల కూడా చూస్తారు. అక్కడ నలుసు ఇరుక్కుంటే రెప్ప వేసినప్పుడల్లా పైనుంచి కిందికి గీతలు పడుతుంటాయి. నిలువు గీతలు కనిపిస్తే నలుసు పై రెప్ప కిందే ఉందని డాక్టరుకు తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఇచ్చేది యాంటీబయాటిక్ ఆయింట్‌మెంటు లేదా చుక్కల మందు. ఆయింట్‌మెంటు రెప్పకు, గాయానికి మధ్య జారుడుగా ఉండి నొప్పిని కూడా తగ్గిస్తుంది, కాసేపు చూపు మసకగా ఉంటుంది, దానికి కంగారు వద్దు. నొప్పికి మాత్ర ఇస్తారు. వెలుగు చూడలేనంత బాధ ఉంటే లోపలి కండరం బిగువు సడలే చుక్కలు వేస్తారు. మరునాడు మళ్లీ రమ్మంటారు. చాలామంది ఈ రెండోసారి పోవడం ఎగ్గొడతారు, నొప్పి తగ్గింది కదా అని. అలా చేయవద్దు. యాంటీబయాటిక్ బాక్టీరియాను ఆపుతుంది గానీ బూజును చంపదు. బూజు తల ఎత్తిందా లేదా అని కనిపెట్టేది ఆ రెండో చూపులోనే. గీత ఉన్న చోట బూడిద రంగు మచ్చ మొదలైతే కొంచెం గీకి తీసి పరీక్షిస్తారు. బూజైతే నాటామైసిన్ అనే చుక్కలు మొదట్లో గంటకోసారి, ఆపైన వారాల తరబడి వేయాలి. మూడు రోజుల ఆయింట్‌మెంటుకూ దీనికీ మధ్య ఉన్న తేడా చూడు.

కంటికి కట్టు కట్టరా అని అడుగుతావేమో. ఒకప్పుడు దూది పెట్టి కట్టేవాళ్లు. కట్టిన కళ్లను, కట్టని కళ్లను పోల్చి చూశాక కట్టువల్ల గీత త్వరగా మానడం లేదని తేలింది. పైగా కట్టు కింద కన్ను వెచ్చగా, చెమ్మగా ఉంటుంది, సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటు అది. ఆకు, కంకి, కట్టె తగిలిన కంటికి అసలే కట్టకూడదు. ఎండ పడకుండా నల్లద్దాలు పెట్టుకుంటే చాలు.

రెండు మందుల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒకటి, డాక్టరు మొదట వేసిన మొద్దుబార్చే చుక్క. అంత హాయిగా ఉంది కదా, ఇంటికి ఒక సీసా ఇవ్వండి అని అడుగుతారు. ఇవ్వరు, ఇవ్వకూడదు. అది మళ్లీ మళ్లీ వేస్తే పై పొర కణాలు జరగడం మానేస్తాయి, గీత పూడదు, చివరికి కార్నియా కరిగే ప్రమాదం కూడా ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. మందుల దుకాణంలో కన్ను ఎర్రగా ఉందని చెబితే కొన్నిసార్లు స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చేతికి వస్తాయి. పెట్టె మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లలో ఏదో ఒకటి ఉంటే అది స్టెరాయిడే. దానితో ఎరుపు ఇట్టే తగ్గుతుంది. తగ్గింది జబ్బు కాదు, జబ్బుతో పోరాడే శక్తి. లోపల బూజు ఉంటే దానికి అడ్డు లేకుండా పోతుంది. కొన్ని జబ్బుల్లో డాక్టరు చూసి రాసిస్తే స్టెరాయిడ్ మంచి మందే. దెబ్బ తగిలిన కంటికి చూపించకుండా మనంతట మనం వేసుకుంటే మాత్రం కన్ను పోగొట్టే మందు.

ఇప్పటివరకు చెప్పింది పైపైన పడిన గీత గురించి. ముల్లు కంట్లో దిగి నిలిచినా, సుత్తి కింద నుంచో గ్రైండింగ్ రాయి నుంచో ఇనుప పెళ్లు ఎగిరి పడినా, నల్లపాప గుండ్రంగా కాక ఒక పక్కకు లాగినట్టు కనిపించినా, కంట్లోంచి నల్లటి పొర బయటకు తొంగిచూసినా ఆ దెబ్బ లోపలి దాకా పోయిందని అర్థం. అప్పుడు కడగకూడదు, మందు వేయకూడదు, దిగిన ముల్లు లాగకూడదు. కన్ను నొక్కుకోకుండా ఒక కాగితపు కప్పు అడుగుభాగాన్ని చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేలా అతికించి, ఆపరేషన్ చేసే కంటి ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి. దారిలో ఏమీ తినిపించకపోతే మంచిది, మత్తు ఇవ్వవలసి రావచ్చు.

కంట్లో సున్నం పడితే చేయవలసింది దీనికి సరిగ్గా తలకిందులు. పాలమూరు (మహబూబ్‌నగర్) వలస కూలీలు సిమెంటు, సున్నం పనుల్లో దేశమంతా ఉన్నారు. ఇళ్లలోనేమో తాంబూలం సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటారు, అది పగిలి కంట్లో చిమ్ముతుంది. ఆమ్లం పడితే పైనున్న మాంసకృత్తులు గట్టిపడి, అది లోతుకు పోకుండా కొంత అడ్డుకుంటాయి. సున్నం క్షారం. కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోతుకు పోతూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ డాక్టరును వెతకడం తర్వాత, నీళ్లు ముందు. నల్లా కింద పెట్టి అరగంట పాటు ఆపకుండా కడగాలి, రెప్ప తిప్పి సున్నం ముద్దలు తీసేయాలి, ఆ తర్వాతే బయలుదేరాలి. తెల్లగుడ్డు ఎర్రబడకుండా తెల్లగా పాలిపోయి ఉంటే బాగుందనుకోవద్దు, అక్కడి రక్తనాళాలు కూడా కాలిపోయాయని అది చెబుతోంది. లోకంలో మొదటిసారి మనిషికి విజయవంతంగా కార్నియా మార్చింది ఇలా సున్నంతో కళ్లు పోయిన ఒక కూలీకే. 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమోట్స్ ఊళ్లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు ఆ ఆపరేషన్ చేశాడు.

కొల్లాపూర్ మామిడి తోటల వాళ్లకు కూడా ఇదే మాట. కాయ కోసేటప్పుడు తొడిమ విరిగితే సొన చిమ్ముతుంది. చర్మం మీద పడితేనే కాలి మచ్చ పడుతుంది. కంట్లో పడితే అక్కడికక్కడే, బిందెలో ఉన్న నీళ్లతోనైనా సరే, బాగా కడిగి చూపించుకోవాలి.

మీ నాయన కన్ను మానిపోయాక ఒక సంగతి గమనించమను. కొందరికి కొన్ని వారాలకో నెలలకో తెల్లవారి లేచి కన్ను తెరవగానే చటుక్కున మళ్లీ అదే నొప్పి వస్తుంది. కొత్త దెబ్బ ఏమీ ఉండదు. కొత్తగా పుట్టిన పై పొర కింది పొరకు గట్టిగా అతుక్కోవడానికి వారాలు పడుతుంది. రాత్రి కన్నీరు తక్కువగా ఊరుతుంది, రెప్ప ఆ పొరకు అంటుకుంటుంది, తెరిచేసరికి పొరను లేపేస్తుంది. గోరు, కాగితం, ఆకు గీసిన కళ్లలో ఇది ఎక్కువ. పడుకునే ముందు జారుడు ఆయింట్‌మెంటు కొన్ని వారాలు పెట్టమంటారు. అయినా ఇది వస్తే మళ్లీ చూపించుకోవాలి.

ఎక్కడికి పోవాలి? ముందు కొల్లాపూర్ ప్రభుత్వ దవాఖానకు. అక్కడ కంటి డాక్టరు లేని రోజైతే ఆగవద్దు. నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ కంటి ఆసుపత్రి ఉంది. పుండు పడినా, కన్ను చీలినా హైదరాబాద్‌లో మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉన్నాయి. దెబ్బ ఎప్పుడు తగిలింది, ఏది తగిలింది, ఇంట్లో ఏం వేశారు అన్న మూడింటినీ దాచకుండా చెప్పాలి. ఆకుపసరు వేశామంటే తిడతారేమోనని చాలామంది చెప్పరు. చెబితేనే డాక్టరు బూజు కోసం ముందుగా వెతుకుతారు.

చివరగా కోతలు పెట్టించే రైతులకు, తోటలు పట్టే గుత్తేదారులకు ఒక మనవి. పవర్ లేని మామూలు ప్లాస్టిక్ కళ్లద్దాలు ఒక పూట కూలి కన్నా తక్కువకే వస్తాయి. కోతకు, నూర్పిడికి, మిషను దగ్గర ధాన్యం పట్టడానికి, చెట్టెక్కి కాయ కోయడానికి వచ్చే ప్రతి మనిషికీ ఒక జత ఇప్పించండి. ఎవరి కంట్లోనైనా కంకి తగిలితే ఆ పూట కూలి కోయకుండా అప్పుడే దవాఖానకు పంపండి.